సంతకానికి ముందు మూడు దినాలు





గత వర్షాకాలం ముగియవచ్చిన దినాలలో, ఒకనాడు అస్ర్ నమాజు అనంతరం మా మసీదు వరండాలో ఒక పెద్దమనిషి నా కొరకు వేచి ఉన్నారు. వయసు 74 సంవత్సరాలు. ప్రభుత్వ ఉర్దూ పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. మా పేటలో సగం మంది ఆయన వద్ద అక్షరాలు దిద్దుకున్నవారే. వారి చేతిలో నాలుగు మడతలు వేసిన కాగితం ఒకటి ఉన్నది.

"మౌలానా, ఇది ఇంగ్లీషులో ఉంది. ఏమి రాశారో తెలియకుండానే సంతకం చేశాను. మీ మదరసాలో ఇంగ్లీషు బాగా చదివే పిల్లవాడు ఎవరైనా ఉంటే ఒకసారి చదివించి చెప్పండి" అన్నారు.

జీవితమంతా ఇతరులకు చదువు చెప్పిన మనిషి నోట ఆ మాట విని నా మనసు చివుక్కుమన్నది. ఆయనను కూర్చోబెట్టి, "చాచా, జరిగినదంతా మొదటి నుండి చెప్పండి" అన్నాను.

వారిది 30 ఏళ్ల క్రితం భవిష్యనిధి సొమ్ముతో కట్టుకున్న ఇల్లు. స్లాబులో చెమ్మ దిగి, లోపల పెచ్చులు ఊడుతున్నాయి. ఒకనాడు ఇద్దరు యువకులు తలుపు తట్టారు. సలాము చేశారు. వీధిలో వెళ్తూ గోడ మీది చెమ్మ మరకలు చూశామనీ, ఈ వానాకాలం దాటితే స్లాబు కూలే ప్రమాదమున్నదనీ భయపెట్టారు. ఈ వారంలోగా ఒప్పుకుంటేనే తగ్గింపు ధర అన్నారు. మాటల మధ్య "ఇన్షా అల్లాహ్", "అమానత్" అనే పదాలు పదే పదే దొర్లించారు. చాచీ టీ పెట్టి ఇచ్చారు. డాబా మీదికి వెళ్లి వచ్చి 1,200 చదరపు అడుగులని తేల్చారు. అడుగుకు 150 రూపాయల చొప్పున 1,80,000 అయింది. పదేళ్ల గ్యారంటీ అన్నారు. ఆ సాయంత్రమే కాగితంపై సంతకం పెట్టించుకుని, మరునాడు బ్యాంకుకు వెంటబెట్టుకుని వెళ్లి 1,20,000 రూపాయలు నగదుగా తీసుకున్నారు. రసీదు లేదు.

ముగ్గురు కుర్రవాళ్లు వచ్చి రెండు దినాలలో డాబా అంతా తెల్లని పూత పూసి వెళ్లారు. పగుళ్లు తవ్వలేదు, పూడ్చలేదు, పాత నాచును కూడా గీకలేదు. మొదటి జడివానకే పడకగది మధ్యలో నీరు కారింది. ఫోను చేస్తే ముందు "వస్తాం" అన్నారు, ఆ తరువాత ఎత్తడం మానేశారు. తరువాత మా విద్యార్థులు టేపు పట్టుకుని కొలిస్తే డాబా 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, అనగా 900 చదరపు అడుగులే. లేని 300 అడుగులకు 45,000 రూపాయలు లెక్క కట్టారన్నమాట. ఇక ఆ ఇంగ్లీషు కాగితంలో, పెద్ద అక్షరాలలో ఉన్న పదేళ్ల గ్యారంటీ కింద చిన్న అక్షరాలలో, స్లాబు పగుళ్ల వలన కలిగే కారుదలకు గ్యారంటీ వర్తించదని రాసి ఉన్నది. పగుళ్ల వలన కాక స్లాబు మరి దేని వలన కారుతుంది?

చాచా నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: "దీనిని తఖ్దీర్ అనుకుని ఊరుకోవాలా? ఫిర్యాదు చేస్తే సబ్ర్‌కు భంగమా?" రెండవది అడిగేటప్పుడు ఆయన నా ముఖం వైపు చూడలేదు. "మా అబ్బాయి రియాద్ నుండి ఫోను చేసి, ఇకమీదట ఒక్క రూపాయి కూడా మీ చేతిలో ఉంచనన్నాడు. మౌలానా, నాకు నిజంగా మతి తప్పిందంటారా?"

మొదటి ప్రశ్నకు అక్కడే సమాధానం చెప్పగలిగాను. రెండవ ప్రశ్న కోసం ఆ రాత్రి ఇంటికి వెళ్లి కితాబులు తెరవవలసి వచ్చింది. ఈ నెల ఆ రెండు సమాధానాలనూ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

సహనం అంటే మౌనం కాదు

దైవప్రవక్త (స) ఒకసారి మదీనా అంగడిలో ధాన్యపు రాశి ముందు ఆగి, అందులోకి చెయ్యి చొప్పించారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వాన వలన తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన దానిని ప్రజలకు కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీసి, మోసగించేవాడు తమవాడు కాడని ప్రకటించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో నమోదయి ఉన్నది.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. దైవప్రవక్త (స) కొనుగోలుదారులకు సహనాన్ని బోధించి ముందుకు సాగిపోలేదు. స్వయంగా చెయ్యి పెట్టి తనిఖీ చేశారు. పైకి పొడి, లోపల తడి. చాచా గారి డాబా మీద జరిగినది కూడా సరిగ్గా ఇదే. అన్యాయం చేసే సోదరునికి కూడా సహాయపడమనీ, అతని చేతిని అన్యాయం నుండి ఆపడమే అతనికి చేసే సహాయమనీ ప్రవక్త (స) బోధించారు. కనుక ఫిర్యాదు చేయడం సబ్ర్‌కు విరుద్ధం కాదు. రేపు ఆ యువకులు మరొక వృద్ధుని తలుపు తట్టకుండా ఆపడం కూడా అందులో ఇమిడి ఉన్నది. సబ్ర్ అవసరమయ్యేది ఫిర్యాదు చేసిన తరువాత, తీర్పు కోసం ఎదురుచూసే కాలంలో!

తలకు గాయమైన ఆ సహాబీ

ఇక రెండవ ప్రశ్న. అన్సారులలో ఒక సహాబీ ఉండేవారు. హదీసు వ్యాఖ్యాతలు ఆయన పేరు హబ్బాన్ బిన్ మున్ఖిజ్ (రజి) అని కొందరు, ఆయన తండ్రి మున్ఖిజ్ బిన్ అమ్ర్ (రజి) అని మరికొందరు పేర్కొన్నారు. తలకు తగిలిన గాయం వలన ఆయన మాట తడబడేది, వివేచన కొంత మందగించింది. అయినా వ్యాపారం మానలేదు. బేరసారాలలో తరచూ మోసపోయేవారు. ఇంటివారు విసిగి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ఆయన క్రయవిక్రయాలు చేయకుండా నిషేధం విధించవలసిందిగా కోరారు. అనగా, మన చాచా గారి కుమారుడు రియాద్ నుండి కోరినదే వారూ కోరారు.

ప్రవక్త (స) ఆ సహాబీని పిలిచి వారించారు. బేరం చేయకుండా తాను ఉండలేనని ఆయన విన్నవించుకున్నారు. అప్పుడు ప్రవక్త (స) ఆయన చేతిని కట్టివేయలేదు. బేరమాడే ప్రతిసారీ, ఇందులో వంచన ఉండరాదని ఎదుటివారికి ముందే స్పష్టం చేయమన్నారు. కొన్న ప్రతి వస్తువు విషయంలోనూ ఆయనకు మూడు రాత్రుల గడువు ఇచ్చారు. నచ్చితే ఉంచుకోవచ్చు, నచ్చకపోతే తిరిగి ఇచ్చివేయవచ్చు. ఈ ఉదంతం యొక్క మూలం బుఖారీ, ముస్లింలలో ఉన్నది. కుటుంబీకుల విన్నపం, మూడు దినాల గడువు ఇతర హదీసు గ్రంథాలలో లభిస్తాయి.

ఫిఖహ్‌లో 'ఖియారె షర్త్' అనే అధ్యాయానికి ఇదే ఆధారం. ఒప్పందం కుదిరిన తరువాత కూడా నిర్ణీత దినాలలో దానిని రద్దు చేసుకునే హక్కును షరతుగా పెట్టుకోవచ్చునన్నమాట. ఇమాం అబూ హనీఫా (రహ్మ) ఈ గడువును మూడు దినాలకు పరిమితం చేశారు. ఆయన శిష్యులైన ఇమాం అబూ యూసుఫ్, ఇమాం ముహమ్మద్ (రహ్మ) ఇరుపక్షాలు నిర్ణయించుకుంటే అంతకు మించి కూడా ఉండవచ్చునన్నారు.

మరునాడు చాచాతో అన్నాను: "చాచా, మోసపోవడం మతి తప్పడం కాదు. మోసపోయే సహాబీకి ప్రవక్త (స) నిషేధం బదులు రక్షణ ఇచ్చారు. మీకు కావలసినది కూడా అదే." ఆ మాట విన్న తరువాతే ఆయన కాగితాన్ని ఫిర్యాదు నిమిత్తం నా చేతికిచ్చారు. అంతవరకు సిగ్గుతో చాచీకి కూడా పూర్తి మొత్తం చెప్పలేదట!

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలకు ఒక విషయం తెలిసే ఉంటుంది. అక్కడ అమ్మకందారుడు ఇంటికి వచ్చి ఒప్పందం చేయించుకుంటే, సాధారణంగా మూడు పనిదినాలలోగా దానిని రద్దు చేసుకునే హక్కు కొనుగోలుదారునికి ఉంటుంది. బ్రిటన్‌లో అటువంటి గడువు సాధారణంగా 14 దినాలు. మన దేశంలో ఇంటి మరమ్మతు ఒప్పందాలకు ఇటువంటి సాధారణ హక్కును ఏ చట్టమూ ఇవ్వలేదు. సంతకం పెట్టిన తరువాత మనసు మార్చుకునే వెసులుబాటు కాగితంలో రాసుకుంటేనే ఉంటుంది. కనుక ఆ మూడు దినాలను మనమే సంతకానికి ముందు తీసుకోవాలి. "ఆలోచించి మూడు రోజుల తరువాత చెబుతాం" అనే వాక్యం ప్రతి వృద్ధుని నాలుక మీదా సిద్ధంగా ఉండాలి. నిజాయితీపరుడైన మేస్త్రీ మూడు దినాలు ఆగుతాడు. ఆగలేనివాడి తొందరే మనకు హెచ్చరిక.

కాగితంలో ఏమి ఉండాలి?

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా దీర్ఘమైన ఆయతు ఆరాధనల గురించి కాదు, లావాదేవీని కాగితంపై పెట్టడం గురించి అన్న సంగతి మనలో ఎందరికి తెలుసు? అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు గడువుతో కూడిన రుణ వ్యవహారాన్ని రాసుకోమనీ, న్యాయంగా రాసే లేఖకుడు ఉండాలనీ, సాక్షులను నిలుపుకోమనీ, మొత్తం చిన్నదైనా సరే రాయడానికి విసుగు చెందవద్దనీ ఆదేశిస్తున్నది. బాధ్యత వహించే వ్యక్తి అవివేకి గానీ, బలహీనుడు గానీ, స్వయంగా చెప్పి రాయించలేనివాడు గానీ అయితే అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలని కూడా అందులోనే ఉన్నది.

సామగ్రితో సహా పనిని గుత్తకు ఇచ్చే పద్ధతికి ఫిఖహ్‌లో సన్నిహితమైనది 'ఇస్తిస్నా' ఒప్పందం. చేయవలసిన పని యొక్క రకం, కొలత, నాణ్యత, ధర స్పష్టంగా ఉండటం దీనికి ప్రాణం. ఉస్మానియా సామ్రాజ్యంలో హనఫీ ఫిఖహ్ ఆధారంగా కూర్చిన 'మజల్లా' అనే న్యాయస్మృతిలో, ఇస్తిస్నా కుదిరిన తరువాత ఇరుపక్షాలూ వెనుకకు పోరాదనీ, అయితే చేసిన పని వర్ణించిన విధంగా లేకపోతే చేయించుకున్నవానికి దానిని నిరాకరించే హక్కున్నదనీ ఉన్నది. వర్ణనే లేకపోతే దేనితో పోల్చి నిరాకరిస్తాం? అందుకే ఈ క్రింది విషయాలు ఒప్పందంలో తప్పక ఉండాలి.

1. పని చేసేవాని పూర్తి పేరు, నివాస చిరునామా, ఫోను నంబరు, సంస్థ అయితే జీఎస్టీ నంబరు. చిరునామాను ఎవరైనా వెళ్లి చూసి రావాలి. విజిటింగ్ కార్డు చిరునామాకు రుజువు కాదు.

2. ఇరుపక్షాలు కలిసి టేపు పట్టి తీసిన కొలత. చదరపు అడుగు ధర, మొత్తం ధర విడివిడిగా.

3. పని దశలు. ఉదాహరణకు డాబా కారుదలకు: నాచు గీకి శుభ్రపరచడం, పగుళ్లు తవ్వి పూడ్చడం, ప్రైమరు, ఎన్ని పూతలు, ఏ కంపెనీ సరుకు, ఎన్ని లీటర్లు. ఖాళీ డబ్బాలు మన ఇంట్లోనే వదిలి వెళ్లాలన్న షరతు కూడా.

4. ప్రారంభించే తేదీ, ముగించే తేదీ.

5. చెల్లింపుల వరుస. బయానా తక్కువగా ఉండాలి. పదో వంతు నుండి ఐదో వంతు వరకు ఇస్తే చాలు. సరుకు ఇంటికి వచ్చినప్పుడు కొంత, పని సాగే కొద్దీ కొంత ఇవ్వాలి. చివరి వాయిదా మాత్రం పరీక్ష తరువాతే. పిట్టగోడల మధ్య నీరు కట్టి కనీసం 24 గంటలు నిలిపి, కింద చెమ్మ దిగలేదని చూసిన తరువాత చెల్లించాలి.

6. గ్యారంటీ ఎన్నేళ్లు, దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు, ఫిర్యాదు చేసిన ఎన్ని దినాలలో వచ్చి సరిచేస్తారు.

7. మధ్యలో ధర గానీ, పని గానీ మారితే రాతపూర్వకంగానే మారాలి.

8. మూడు దినాలలోగా రద్దు చేసుకుంటే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలన్న ఖియారె షర్త్.

9. తెలుగులో గానీ ఉర్దూలో గానీ, చేయించుకునేవారు చదవగలిగిన భాషలో రాత. ఇద్దరు సాక్షుల సంతకాలు. ఒక ప్రతి అదే దినాన మన చేతిలో.

చెల్లింపు చెక్కు ద్వారా గానీ, బ్యాంకు ఖాతాకు గానీ, యూపీఐ ద్వారా గానీ జరగాలి. నగదు ఇవ్వక తప్పకపోతే రసీదు తీసుకున్న తరువాతే డబ్బు చేతులు మారాలి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎన్నటికీ పెట్టరాదు.

ఈ వరుసలో మన వైపు ధర్మం కూడా ఒకటున్నది. కూలీ చెమట ఆరకముందే అతని వేతనం చెల్లించమన్న ప్రవక్త (స) ఉపదేశం మనకు తెలుసు. పని సవ్యంగా చేసినవానికి చివరి వాయిదాను సాకులతో ఆపడం కూడా అన్యాయమే. షరతులు ఇరుపక్షాలకూ రక్షణ.

టాబ్లెట్ మీద వేలు పెట్టే ముందు

ఇటీవలి మోసాలలో కాగితమే ఉండటం లేదు. "సులభ వాయిదాలు" అంటూ టాబ్లెట్ ముందుకు చాచి, వేలితో సంతకం చేయమంటారు, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమంటారు. పెద్దలు దానిని పనివానితో కుదిరిన వాయిదా అనుకుంటారు. వాస్తవానికి అది ఒక ఫైనాన్స్ సంస్థ నుండి తీసుకున్న వడ్డీ అప్పు. జీవితాంతం వడ్డీకి ఆమడ దూరంలో ఉన్న మనిషి, 70 దాటిన తరువాత తనకు తెలియకుండానే దానిలో చిక్కుకుపోవడం ఎంతటి విషాదం! పని పాడైనా, పనివాడు పారిపోయినా అప్పు వాయిదా మాత్రం ఖాతా నుండి కోతపడుతూనే ఉంటుంది.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇటువంటి డిజిటల్ అప్పులలో అసలు, వడ్డీ, రుసుములు అన్నీ తెలిపే ముఖ్యాంశాల పత్రం ముందే ఇవ్వాలి. అప్పు తీసుకున్న తరువాత కనీసం ఒక దినం గడువులో, ఆ కొద్దికాలపు ఖర్చు మాత్రం కట్టి, అపరాధ రుసుము లేకుండా అసలు తిరిగి ఇచ్చివేసే వీలు ఉండాలి. కనుక అప్పు సందేశం ఫోనుకు రాగానే అదే దినాన ఇంటివారికి చూపించడం అత్యవసరం. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమేనని పెద్దలందరికీ తెలియజేయండి. ఖాతా నుండి మోసపూరితంగా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

డాబా మీద సౌర ఫలకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన 'పీఎం సూర్య ఘర్' పథకంలో కేంద్ర రాయితీ 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆ పైన 78,000 రూపాయలు. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో జరుగుతుంది, రాయితీ నేరుగా మన బ్యాంకు ఖాతాకే చేరుతుంది. "రాయితీ ఇప్పిస్తాను, ముందు రుసుము ఇవ్వండి" అని ఇంటికి వచ్చేవాని మాట నమ్మవద్దు.

చట్టం ఏమి చెబుతున్నది?

చాలామంది పెద్దలు "సంతకం పెట్టాను కదా, ఇక చేయగలిగినది ఏమున్నది?" అని నిరాశ చెందుతారు. ఇది నిజం కాదు.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 16వ సెక్షను అనుచిత ప్రభావాన్ని వివరిస్తున్నది. వయసు వలన, అనారోగ్యం వలన, మానసిక లేదా శారీరక బాధ వలన మనోశక్తి దెబ్బతిన్న వ్యక్తితో చేసుకున్న ఒప్పందాలను ఆ సెక్షను ప్రత్యేకంగా పేర్కొన్నది. ఆ స్థితిని ఆసరా చేసుకుని అన్యాయమైన లాభం పొందినట్లు తేలితే, బాధితుడు ఆ ఒప్పందాన్ని రద్దు చేయమని కోరవచ్చు. మోసంతో చేయించిన ఒప్పందం విషయమూ అంతే.

ఇక వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇది 2020 జూలై నుండి అమలులో ఉన్నది. డబ్బు చెల్లించి సేవ పొందిన ప్రతివారూ దీని ప్రకారం వినియోగదారులే. గృహ నిర్మాణం కూడా సేవే అన్న సంగతిని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులోనే స్పష్టం చేసింది. ఒప్పుకున్న నాణ్యతతో పని చేయకపోవడం సేవాలోపం. బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో ఉన్నది. కారణం లేకుండా ఒక పక్షమే రద్దు చేసుకునే హక్కు, నష్టంతో పొంతన లేని జరిమానా, మితిమీరిన డిపాజిట్టు వంటి షరతులున్న ఒప్పందాన్ని చట్టం 'అన్యాయ ఒప్పందం' అంటున్నది. అన్యాయ ఒప్పందం అనే కారణంతో వేసే ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. పనిలో లోపం గురించిన ఫిర్యాదుకు మాత్రం, చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషనే చాలు.

సామాన్యునికి అనుకూలమైన అంశాలు మరికొన్ని ఉన్నాయి. పనివాడు ఏ ఊరివాడైనా, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. సమస్య తలెత్తిన నాటి నుండి రెండేళ్లలోగా వేయాలి. 2025 జనవరి నుండి 'ఈ-జాగృతి' అనే వేదిక ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. అంతకు ముందు మెట్టుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఇరుపక్షాలు అంగీకరిస్తే కమిషన్ మధ్యవర్తిత్వానికి కూడా పంపుతుంది. కమిషన్ ఆదేశాన్ని పాటించనివానికి జైలుశిక్ష విధించే అధికారం కూడా చట్టం ఇచ్చింది.

పనివాడు తప్పుడు చిరునామా ఇచ్చి మాయమైతే అది కేవలం సేవాలోపం కాదు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద మోసం. పోలీసులకు ఫిర్యాదు చేయాలి. వృద్ధులకు సలహా, సహాయం కోసం 14567 అనే ఎల్డర్ లైన్ ఉన్నది. ఉచిత న్యాయ సహాయానికి న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం లభిస్తుంది. ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్న మన వితంతు సోదరీమణులు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. పాడైన పనిని కోపంతో వెంటనే మరొకరి చేత తవ్వించివేయకండి. ముందు ఫొటోలు, వీడియోలు తీయించండి. పదవీ విరమణ చేసిన ఇంజనీరు ఎవరైనా ఉంటే చూపించి, లోపాలను రాతపూర్వకంగా తీసుకోండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు భద్రపరచండి. ఫోను సందేశాలను చెరిపివేయకండి. సాక్ష్యం లేని సత్యం న్యాయపీఠం ముందు మూగది.

చాచా గారి కాగితం

చాచా విషయంలో మేము ఇదే క్రమాన్ని అనుసరించాము. 900 అడుగుల కొలత, ఫొటోలు, ఇంజనీరు రాసిచ్చిన ఒక పుట, 1,20,000 రూపాయలు బ్యాంకు నుండి తీసిన తేదీ చూపే పాసుపుస్తకం. ఇవన్నీ జతచేసి నోటీసు పంపాము. నగదుకు రసీదు లేకపోవడమే మా బలహీనత. అయితే డబ్బు అందిందని వారు ఆ రాత్రి చాచాకు పంపిన ఒక వాయిస్ సందేశం ఫోనులో మిగిలి ఉండటం అల్లాహ్ అనుగ్రహం. నోటీసుకు జవాబు రాలేదు. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు నమోదైన తరువాత మాత్రం వారు రాజీకి వచ్చారు. చివరకు 70,000 రూపాయలు తిరిగి ఇచ్చారు. పూర్తి న్యాయం జరిగిందని నేను చెప్పను. మిగిలిన 50,000 రూపాయలు, నిద్రలేని ఆ రాత్రులు తిరిగి రాలేదు. కానీ వచ్చిన ఆ సొమ్ముతో పేటలోని పాత మేస్త్రీ ఒకరు, రాత ఒప్పందం మీదే, డాబాను సరిచేశారు. నీరు కట్టి చూసిన దినాన చాచా స్వయంగా టేపు పట్టుకుని నిలబడ్డారు. చివరి వాయిదాను ఆయన చేతితోనే చెల్లించారు.

సంతానానికి ఒక మాట

గల్ఫ్‌లోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటున్న కుమారులారా, కుమార్తెలారా! మీ అబ్బా, అమ్మీ మోసపోయారని తెలిసినప్పుడు మీ నోట వచ్చే మొదటి వాక్యమే నిర్ణయిస్తుంది, తదుపరి మోసాన్ని వారు మీకు చెబుతారా, దాచుకుంటారా అన్నది. మందలింపుకు భయపడి వారు దాచే ప్రతి దినమూ మోసగానికి లాభమే. తల్లిదండ్రులతో విసుగు మాట కూడా అనరాదని ఖుర్ఆన్ ఆదేశించినది వారు వృద్ధులైన స్థితిని ప్రస్తావిస్తూనే కదా! వారి సొమ్మును లాక్కోకండి. వారి కాగితాన్ని వారితో కలిసి చదవండి. ఎంత మొత్తం దాటితే మీతో సంప్రదించాలో వారితోనే మాట్లాడుకుని నిర్ణయించుకోండి. ఇల్లు కారుతున్నదని వారు ఫోనులో చెప్పినప్పుడు "చూద్దాంలే" అని వాయిదా వేయకండి. మీరు పట్టించుకోని ఆ చెమ్మ మరకే వీధిన వెళ్లేవాడి కంటబడుతుంది.

మసీదు కమిటీలకు ఒక సూచన. జుమా అనంతరం ఒక అరగంట, ఒక న్యాయవాదినో, ఇంజనీరునో, ఇంగ్లీషు తెలిసిన యువకుడినో కూర్చోబెట్టండి. పేటలోని పెద్దలు ఏ మతం వారైనా సరే, సంతకానికి ముందు తమ కాగితాలు తెచ్చి చదివించుకునే ఏర్పాటు చేయండి. మా మసీదులో గత నాలుగు నెలలుగా ఇది సాగుతున్నది. కాగితం చదివి పెట్టే ఆ యువకుని పక్కన, తెలుగు, ఉర్దూలలో అర్థం వివరించడానికి ప్రతి శుక్రవారం కూర్చునే పెద్దమనిషి మరెవరో కాదు, చాచాయే.

అల్లాహ్ మన వృద్ధుల సొమ్మును, గౌరవాన్ని కాపాడుగాక! మన చేతులతో ఎవరికీ వంచన జరగకుండా మనలను రక్షించుగాక! ఆమీన్.